రిపోర్ట్ నార్మల్ వచ్చింది కదా అని గోలీ ఆపుతారా?



ఈసారి కొంచెం కడక్‌గానే రాస్తున్నాను. నారాజ్ అయ్యేవాళ్లు అవ్వండి, కానీ చివరిదాకా చదివి అవ్వండి.

దిల్‌సుఖ్‌నగర్, ఎల్బీనగర్ వైపు మన ఇళ్లలో ఒక మాట బాగా చలామణీలో ఉంది. కొత్తపేటలో వినండి, చైతన్యపురిలో వినండి, సరూర్‌నగర్‌లో వినండి. నల్గొండ నుంచో సూర్యాపేట నుంచో పెద్ద డాక్టర్‌కి చూపించుకుందామని వచ్చి ఎల్బీనగర్ చౌరస్తాలో బస్సు దిగే మన చుట్టాల నోట వినండి. మాట ఒకటే: “రిపోర్ట్ మంచిగ వచ్చింది. ఇంక ఆ కొలెస్ట్రాల్ గోలీ దేనికి? బంద్ చేసిన.”

చెప్పేవాళ్ల మొహంలో జంగ్ గెలిచి వచ్చినంత ఖుషీ. వినేవాళ్లు “మాషాఅల్లాహ్” అంటారు. ఆ మాషాఅల్లాహ్ దగ్గరే నా ఝగడా.

సీదాగా చెప్తాను. గుండెపోటు వచ్చి బయటపడ్డ మనిషి, స్టెంట్ వేయించుకున్న మనిషి, బైపాస్ అయిన మనిషి, డాక్టర్‌ని అడక్కుండా స్టాటిన్ గోలీ ఆపేస్తే అది పరహేజ్ అనిపించుకోదు, తవక్కుల్ అంతకన్నా అనిపించుకోదు. అది శుద్ధ బేఫిక్రీ. ఆ మనిషిని “ఆపేయ్ భాయ్, ఏం కాదు” అని ఉసిగొల్పేవాళ్లది అంతకన్నా పెద్ద గునా. ఎందుకంటే ముఫ్త్ మష్వరా ఇచ్చినవాళ్లు ఐసీయూ బయట కుర్చీలో కూర్చోరు. అక్కడ కూర్చునేది భార్య, పిల్లలు.

ముందు ఆ “నార్మల్” సంగతి చూద్దాం.

కొలెస్ట్రాల్ అంతా దస్తర్‌ఖాన్ మీద నుంచే వస్తుందని మనవాళ్ల ఖయాల్. పాయా మానేశాం, మరగ్ మానేశాం, బిర్యానీలో ముక్క పక్కన పెట్టాం, ఇంక కొలెస్ట్రాల్ ఎక్కడిది అంటారు. అసలు సంగతేమిటంటే, అందులో ఎక్కువ భాగం మన ఒళ్లే తయారు చేసుకుంటుంది. ఆ కార్ఖానాలో పెద్ద వాటా జిగర్‌ది, అంటే కాలేయానిది. స్టాటిన్ ఆ కార్ఖానాలో ఒక ఎంజైమ్‌ని నెమ్మది చేస్తుంది. జిగర్‌కి కొలెస్ట్రాల్ తక్కువ పడుతుంది. అప్పుడది ఏం చేస్తుంది? రక్తంలో తిరుగుతున్న ఎల్డీఎల్‌ని, అంటే చెడ్డ కొలెస్ట్రాల్‌ని, లాగేసుకోవడానికి తన మీద కొక్కేలు పెంచుకుంటుంది. ఆ కొక్కేల సంగతి కనిపెట్టినందుకే బ్రౌన్, గోల్డ్‌స్టీన్ అనే ఇద్దరు అమెరికా డాక్టర్లకి 1985లో నోబెల్ ఇచ్చారు. రక్తంలో ఎల్డీఎల్ తగ్గేది ఇలా.

గోలీ ఆపండి. కార్ఖానా మళ్లీ పాత జోరు మీదికి వస్తుంది. కొద్ది వారాల్లోనే ఎల్డీఎల్ ఎక్కడ బయలుదేరిందో అక్కడికే చేరుకుంటుంది. అంటే మీ చేతిలో ఉన్న నార్మల్ రిపోర్ట్, గోలీ వేసుకుంటున్న మనిషి రిపోర్ట్. చష్మా పెట్టుకున్నాక అక్షరాలు సాఫ్‌గా కనపడ్డాయని చష్మా తీసి మూసీలో పారేస్తామా? బీపీ గోలీకీ, థైరాయిడ్ గోలీకీ అర్థమైన ఈ చిన్న లెక్క కొలెస్ట్రాల్ గోలీ దగ్గరికి వచ్చేసరికి ఎందుకు అర్థం కాదు? ఎందుకంటే ఇది ఆపితే రేపు పొద్దున ఏమీ కాదు. నొప్పి లేదు, జ్వరం లేదు, చక్కెర్ రాదు. నెల గడుస్తుంది, ఆరు నెలలు గడుస్తాయి. “చూశావా, ఏం కాలేదు” అంటారు. రక్తనాళం లోపలి గోడ మీద ఏం పేరుకుంటోందో ఎవరికీ చప్పుడు వినిపించదు.

స్టెంట్ గురించి ఇంకో గలత్‌ఫహమీ. “పైప్ సాఫ్ చేసేశారు” అంటారు. స్టెంట్ మూసుకుపోయిన ఒక్క చోటును తెరిచి పెడుతుంది, అంతే. గుండెకి రక్తం ఇచ్చే మిగతా నాళాలు, మెదడుకి వెళ్లేవి, కాళ్లకి వెళ్లేవి, అన్నీ అదే మనిషివి, అదే ఖూన్‌వి. గోడకి ఒక చోట మరమ్మతు చేసినంత మాత్రాన ఇంటి కప్పు కారడం ఆగదు. ఆ మిగతా ఒంటి మొత్తానికి కాపలా కాసేది ఈ చిన్న గోలీ.

ఇది నా దిమాగ్‌లో పుట్టిన మాట కాదు. 1994లో నార్డిక్ దేశాల్లో ఒక పరీక్ష ఫలితాలు వచ్చాయి. అప్పటికే గుండెజబ్బు ఉన్న 4,444 మందిలో సగం మందికి సింవాస్టాటిన్, సగం మందికి మందు లేని ఉత్త గోలీ ఇచ్చి ఐదేళ్లకు పైగా గమనించారు. ఉత్త గోలీ వైపు 256 మంది చనిపోయారు. మందు వైపు 182 మంది. తేడా 74 ప్రాణాలు. వాళ్లలో ఎవరికీ తమ ప్రాణం ఆ గోలీ వల్ల నిలిచిందని తెలియదు. ఈ దవా గురించి మనకు ఖదర్ లేకపోవడానికి కారణం కూడా అదే. రాని గుండెపోటుకి ఎవరూ షుక్రియా చెప్పరు.

2016లో లాన్సెట్ పత్రికలో అప్పటిదాకా జరిగిన పెద్ద పరీక్షలన్నీ కలిపి హిసాబ్ వేశారు. గుండెజబ్బు ఇప్పటికే ఉన్న 10,000 మంది ఐదేళ్లపాటు గట్టి డోసులో వాడి ఎల్డీఎల్‌ని 77 మిల్లీగ్రాముల మేర తగ్గించుకుంటే, దాదాపు 1,000 మందికి గుండెపోటో, పక్షవాతమో, మళ్లీ స్టెంటో బైపాసో తప్పుతుంది. ముప్పు ఎక్కువగా ఉండి, జబ్బు ఇంకా బయటపడని 10,000 మందిలో అయితే దాదాపు 500 మందికి.

నుక్సాన్ కూడా అదే హిసాబ్‌లో ఉంది, దాచను. అదే 10,000 మందిలో కండరాలు తీవ్రంగా దెబ్బతినేది దాదాపు 5 మందికి. కొత్తగా షుగర్ బయటపడేది 50 నుంచి 100 మందికి, వాళ్లూ ఎక్కువమంది షుగర్ గడప దాకా వచ్చి నిలబడినవాళ్లే. మెదడులో రక్తస్రావం 5 నుంచి 10 మందికి. తరాజూ మీ ముందు పెట్టాను. తూచుకోండి.

ఇప్పుడు బైఠక్‌లో వినిపించే ఏతరాజ్‌లు ఒక్కొక్కటీ తీసుకుందాం.

మొదటిది: “గోలీ వేసుకుంటే కాళ్లు గుంజుతున్నాయి.” ఈ మాటని నేను కొట్టిపారేయను. నొప్పి నిజం. కారణం ఏమిటన్నదే సవాల్. లండన్‌లో ఒక పరీక్ష చేశారు, 2020లో ఫలితాలు అచ్చయ్యాయి. సైడ్ ఎఫెక్ట్స్ భరించలేక స్టాటిన్ మానేసిన 60 మందిని తీసుకున్నారు. ఏడాదిలో నాలుగు నెలలు స్టాటిన్, నాలుగు నెలలు ఉత్త గోలీ, నాలుగు నెలలు ఏ గోలీ లేకుండా, కలిపి కలిపి ఇచ్చారు. ఏ నెల ఏ గోలీ అన్నది వాళ్లకి తెలియదు. ప్రతిరోజూ తకలీఫ్ ఎంత ఉందో నూటికి మార్కులు వేసుకోమన్నారు. గోలీ లేని నెలల్లో సగటు 8. స్టాటిన్ నెలల్లో 16. మరి ఉత్త గోలీ నెలల్లో? 15! అంటే పెరిగిన తకలీఫ్‌లో పదింట తొమ్మిది వంతులు మందు వల్ల రాలేదు, గోలీ మింగుతున్నానన్న భయం వల్ల వచ్చింది. ఈ హిసాబ్ వాళ్లకే చూపించాక సగం మంది మళ్లీ స్టాటిన్ మొదలుపెట్టారు. వహమ్‌కి హకీం లుఖ్మాన్ దగ్గర కూడా ఇలాజ్ లేదని మన పెద్దలు ఊరికే అనలేదు.

మరి మిగిలిన ఆ కొద్దిమందికి? వాళ్లకీ రాస్తా ఉంది. డోస్ తగ్గించవచ్చు, వేరే స్టాటిన్‌కి మారవచ్చు, ఎజెటిమైబ్ లాంటి ఇంకో మందు కలపవచ్చు. ఇవన్నీ డాక్టర్ చేసే పనులు. ఒళ్లంతా విపరీతంగా నొప్పులు, లేవలేనంత కమ్‌జోరీ, మూత్రం ముదురు రంగులోకి మారడం, ఇవి కనిపిస్తే మాత్రం గోలీ ఆపి అదే రోజు దవాఖానాకి వెళ్లాలి. ఇంకొకటి గుర్తుపెట్టుకోండి. తామరకి ఇచ్చే ఇట్రాకొనజోల్, ఇన్ఫెక్షన్‌కి ఇచ్చే క్లారిత్రోమైసిన్ లాంటివి కొన్ని స్టాటిన్‌లతో పడవు. మెడికల్ షాపులో నిలబడి తామరకి గోలీ అడిగి తెచ్చుకునే అలవాటు మనకుంది. మీరు స్టాటిన్ మీద ఉన్నారన్న మాట ఎక్కడికెళ్లినా ముందు చెప్పండి.

రెండో ఏతరాజ్: “అదంతా కెమికల్. నేను కుద్రతీ ఇలాజ్ చేసుకుంటా.” ఇది వింటే నాకు నవ్వొస్తుంది. స్టాటిన్ పుట్టుక ఏమిటో తెలుసా? బూజు! జపాన్‌లో అకిరా ఎండో అనే శాస్త్రవేత్త వేల రకాల బూజులను, శిలీంధ్రాలను జల్లెడ పట్టి, 1973లో నీలం పచ్చ రంగు బూజు ఒకదాని నుంచి మొట్టమొదటి స్టాటిన్‌ని బయటికి తీశాడు. పెనిసిలిన్ ఖాందాన్ బూజే అది. 1987లో అమెరికాలో అనుమతి వచ్చిన మొదటి స్టాటిన్, లోవాస్టాటిన్, అదీ బూజు నుంచి వచ్చిందే. కుద్రత్ నుంచి తీసి, ఎంత మోతాదో కొలిచి, వేలమంది మీద పరీక్షించి, రేకులో పెట్టి ఇస్తే కెమికల్. సీసాలో ఎంత ఏముందో రాయకుండా, నిమ్మరసం, వెల్లుల్లి, అల్లం, సిర్కా కలిపి “బ్లాకేజ్ ఖతం” అని ఫోన్‌లో అమ్మితే కుద్రతీ. ఇదెక్కడి ఇన్సాఫ్?

నేను యునానీని తక్కువ చేయడం లేదు. చార్మినార్ పక్కన నిజామియా దవాఖానా మన షహర్ షాన్. నబ్జ్ పట్టుకుని, హాల్ కనుక్కుని, నీ గోలీలు ఏమిటని అడిగే హకీం వేరు. నిన్ను చూడకుండా, నీ స్టెంట్ సంగతి తెలియకుండా, ఇంగ్లీష్ మందులన్నీ పారేయమని వీడియోలో చెప్పేవాడు వేరు. కలోంజీ తినండి, మెంతులు తినండి, వెల్లుల్లి తినండి, ఎవరొద్దన్నారు? కానీ గుండెపోటు వచ్చిన మనిషి చేతిలోంచి గోలీ లాక్కుని కలోంజీ పెడితే ప్రాణం నిలుస్తుందని, ఆ 4,444 మందిని చూసినట్టు ఎవరూ చూపించలేదు. రెండూ ఒకే పళ్లెంలో పెట్టకండి.

మూడోది: “ఇదంతా కంపెనీల సాజిష్. జనానికి గోలీలు అలవాటు చేసి దోచుకుంటున్నారు.” కంపెనీలు ఫాయిదా కోసమే ఉన్నాయి, ఖిద్మత్ కోసం లేవు, ఒప్పుకుంటాను. అయితే అటోర్వాస్టాటిన్ మీద అసలు కంపెనీ పేటెంట్ అమెరికాలో 2011లోనే అయిపోయింది. ఇప్పుడు ఎవరైనా చేసుకోవచ్చు. మన దేశంలో అది అత్యవసర మందుల జాబితాలో ఉంది, ధరకి ప్రభుత్వం హద్దు పెట్టింది. జన్ ఔషధి దుకాణాల్లో ఇంకా సస్తా. ఇంకో మాట. 2006లో అమెరికాలో సింవాస్టాటిన్ పేటెంట్ తీరినప్పుడు, అక్కడ దాని జెనరిక్ అమ్మే అనుమతి పొందిన కంపెనీల్లో మన హైదరాబాద్ డాక్టర్ రెడ్డీస్ ఒకటి. మన షహర్ కంపెనీ గోలీ అమెరికా ముసలాయన నమ్మకంగా మింగుతుంటే, ఇక్కడ మనం దాన్ని సాజిష్ అంటున్నాం.

మనం గోలీలు ఎక్కువ మింగుతున్నామన్నది కూడా అబద్ధమే. 2011లో 17 దేశాల హిసాబ్ ఒకటి లాన్సెట్‌లో వచ్చింది. గుండెపోటో పక్షవాతమో వచ్చినవాళ్లలో స్టాటిన్ వాడుతున్నవాళ్లు సంపన్న దేశాల్లో నూటికి 66 మంది. పేద దేశాల్లో, ఆ వరసలోనే మన హిందుస్తాన్‌ని కూడా పెట్టారు, నూటికి 3. మనల్ని చంపుతున్నది ఎక్కువ గోలీలా, లేని గోలీలా? పైగా మన ఉపఖండం వాళ్లకి మొదటి గుండెపోటు మిగతా దునియా కంటే ఐదారేళ్లు ముందే వస్తోందని 2007లో ఒక పెద్ద అధ్యయనం తేల్చింది. 53 ఏళ్లు! కూతురి నికాహ్ మాటలు నడుస్తుండే వయసు, కొడుకు ఇంజినీరింగ్ ఫీజు కట్టాల్సిన వయసు.

నాలుగోది: “మౌత్ రాసిపెట్టి ఉంటే గోలీ ఆపుతుందా?” ఈ మాట అనే భాయ్‌లకి ఒకటే చెప్తాను. ఒంటెని కట్టేసి తవక్కుల్ చేయాలన్న తాలీమ్ మనందరం మక్తబ్‌లోనే విన్నాం. షిఫా ఇచ్చేవాడు ఆయనే, దవా ఒక వసీలా. మీ బండికి తాళం వేస్తారు, దుకాణానికి షట్టర్ దించుతారు, అక్కడ గుర్తురాని తఖ్దీర్ గోలీ దగ్గరే ఎందుకు గుర్తొస్తుంది? ఒళ్లు అమానత్. అందులో ఖియానత్ చేసే హక్ మనకి లేదు.

రోజా గురించీ అడుగుతారు. అటోర్వాస్టాటిన్, రోజువాస్టాటిన్ రోజుకి ఒక్కటే, ఏ పూటైనా పనిచేస్తాయి. ఇఫ్తార్ తర్వాత వేసుకోండి, రంజాన్‌లో ఒక్క రోజు కూడా నాగా అక్కర్లేదు. జెలటిన్ ఫికర్ ఉన్నవాళ్లకి: ఉత్త స్టాటిన్ మామూలుగా టాబ్లెట్ గానే దొరుకుతుంది. ఆస్పిరిన్‌తో కలిపిన కొన్ని మందులు మాత్రం క్యాప్సూల్‌లో వస్తాయి. డాక్టర్‌కి చెప్తే విడివిడి టాబ్లెట్లు రాస్తారు. దీని కోసం ఇలాజే మానేయడం ఎందుకు?

ఇప్పుడు డాక్టర్ సాబ్‌లు కూడా కొంచెం వినాలి. కసూర్ అంతా పేషంట్‌దే అనడం ఇన్సాఫ్ కాదు. మూడు నిమిషాల్లో చీటీ రాసి “నెక్స్ట్” అంటే, ఆ ఐదు గోలీల్లో ఏది ఎన్నాళ్లు వాడాలో ఎవరు చెప్పాలి? నెలకి రాసిన చీటీ నెలతో అయిపోతుంది. ఆ మనిషి ఇలాజ్ కూడా అయిపోయిందనుకుంటాడు. “ఇది జిందగీ భర్ వాడాల్సింది, రిపోర్ట్ నార్మల్ వచ్చినా ఆపొద్దు” అని తెలుగులోనో ఉర్దూలోనో చెప్పడానికి పది సెకన్లు చాలు. ఆ పది సెకన్లు దొరకని చోటే వాట్సాప్ డాక్టర్ పుడతాడు.

అలాగని కొలెస్ట్రాల్ కొంచెం ఎక్కువ కనిపించిన ప్రతివాళ్లకీ గోలీ రాయమని నేను అనడం లేదు. గుండెపోటు, పక్షవాతం, స్టెంట్, బైపాస్ అయినవాళ్ల సంగతి తేలిపోయింది. వాళ్లకి బహస్ లేదు. మిగతావాళ్లకి వయసు, షుగర్, బీపీ, సిగరెట్, కిడ్నీ, ఖాందాన్‌లో చిన్న వయసు గుండెపోట్లు, ఇవన్నీ కలిపి చూసి డాక్టర్ ఫైసలా చేయాలి. కొందరికి నడక, తిండి సరిదిద్దుకోవడం సరిపోతుంది. గర్భంతో ఉన్న ఆడవాళ్లకి, పాలిచ్చే తల్లులకి మామూలుగా ఇవ్వరు. కాలేయం జబ్బు ముదిరి ఉన్నవాళ్ల లెక్క వేరు. అడగండి. “డాక్టర్ సాబ్, నా ఎల్డీఎల్ ఎంత? ఎంతకి రావాలి? ఈ గోలీ ఎన్నాళ్లు?” మూడు సవాళ్లు. గుండెపోటు అయినవాళ్లకి 70 కన్నా కిందికి, ఇప్పుడు చాలామంది డాక్టర్లు 55 కన్నా కిందికి తేవాలంటున్నారు. ల్యాబ్ కాగితం మీద “నార్మల్” అని అచ్చేసిన అంకె ఏ జబ్బూ లేని మనిషి కోసం. మీది కాదు.

అమ్మీల సంగతి వేరే చెప్పాలి. అబ్బాకి ఛాతీ పట్టేస్తే ఆటో, అంబులెన్స్, దవాఖానా. అమ్మీకి ఆయాసం వస్తే “గ్యాస్”. అబ్బాకి ఏడాదికి రెండు టెస్టులు, అమ్మీకి జిందగీలో ఒక్కటీ ఉండదు. నెలసరి ఆగాక ఆడవాళ్లకీ ముప్పు పెరుగుతుంది. షుగర్ ఉంటే ఇంకా ఎక్కువ. పైసల బహానా కూడా లేదు. 2018 నుంచి మన బస్తీ దవాఖానాలు ఉన్నాయి, అక్కడ రక్తం ఇస్తే ప్రభుత్వ ల్యాబ్‌కి పంపి లిపిడ్ ప్రొఫైల్ ముఫ్త్‌గా చేస్తారు. దిల్‌సుఖ్‌నగర్‌లో చీరల సేల్‌కి తీసుకెళ్లే తీరిక ఉన్నప్పుడు, అమ్మీని అక్కడికి తీసుకెళ్లే తీరిక ఉండదా?

కొత్తపేటలో ఒకప్పటి పండ్ల మార్కెట్ జాగాలో పెద్ద సర్కారీ ఆస్పత్రికి 2022 ఏప్రిల్‌లో పునాదిరాయి వేశారు. మామిడి లారీలు ఆగిన చోట గుండె డాక్టర్లు కూర్చోవాలని నేనూ దువా చేస్తున్నాను. కానీ ఎన్ని అంతస్తుల దవాఖానా కట్టినా అది గుండెపోటు వచ్చాక వెళ్లే చోటు. గుండెపోటు దాకా పోకుండా ఆపే పని మీ అల్మారాలో ఉన్న రేకుది.

అందుకే ఈ జుమ్మా లోపల ఒక పని చేయండి. అబ్బా గోలీల డబ్బా తెరవండి. స్టాటిన్ రేకు ఉందో లేదో చూడండి. ఆఖరిసారి ఎప్పుడు కొన్నారో బిల్లు చూడండి. ఆపేసి ఉంటే కొట్లాడకండి. పక్కన కూర్చుని ఎందుకు ఆపారో అడగండి. నొప్పా, ఖర్చా, వహమా, ఎవరైనా చెప్పారా? జవాబు విని, ఆ రేకు చేతిలో పట్టుకుని, ఆయన్ని డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లండి. ఈలోగా బైఠక్‌లో ఎవరైనా “ఆపేయ్ భాయ్, నేనున్నా” అంటే, అదబ్‌తోనే అడగండి: “మామూ, ఆ మాట చీటీ మీద రాసి దస్తఖత్ చేస్తారా?”

చేయరు. రాసిపెట్టుకోండి.

ఖుదా హాఫిజ్.